తోడుపిండి రొట్టె: ఇంటి నుంచి మరకు, మర నుంచి ఇంటికి

పిండిని నీళ్లతో కలిపి వెచ్చని చోట కొన్ని రోజులు ఉంచితే, ధాన్యం మీదా పిండిలోనూ సహజంగా ఉండే ఈస్ట్, బ్యాక్టీరియా దాన్ని పులియబెడతాయి. పాలకు తోడు వేసి పెరుగు చేసినట్టే, ఆ పులిసిన పిండిలో కొంత తీసి కొత్త పిండిలో కలిపితే అదీ పులిసి పొంగుతుంది. గోధుమ రొట్టె వేల ఏళ్లపాటు ఎక్కువగా ఈ తోడుపిండితోనే తయారైంది. దీన్నే ఇంగ్లీషులో సవర్‌డో స్టార్టర్ అనీ, ఫ్రెంచిలో లెవాఁ అనీ అంటారు. దుకాణంలో కొనే ఈస్ట్ వచ్చి రెండు శతాబ్దాలు కూడా కాలేదు. రొట్టె ఎవరు చేశారు, ఎక్కడ కాల్చారు, పొంగడానికి ఎంత గడువిచ్చారు అన్న మూడు ప్రశ్నలకు ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది. అనేక దేశాల్లో ఇంటి వంటగదుల్లో మళ్లీ కనిపిస్తున్న చేతి రొట్టెను అర్థం చేసుకోవాలంటే ఆ జవాబులను వరసగా చూడాలి.

తొలి రొట్టెలు

రొట్టె వ్యవసాయం కంటే పాతది. జోర్డాన్ ఈశాన్య ఎడారిలోని షుబైకా అనే చోట నటూఫియన్ సంస్కృతికి చెందిన వేటగాళ్ల పొయ్యిలో మాడిన రొట్టె తునకలు దొరికాయి. 2018లో వెలువడిన అధ్యయనం వాటి వయసు సుమారు 14,400 ఏళ్లని తేల్చింది. ఆ ప్రాంతంలో మనుషులు ధాన్యం పండించడం మొదలుపెట్టడానికి అది సుమారు 4,000 ఏళ్ల ముందు మాట. అడవి గోధుమ జాతి గింజలను, తుంగ జాతి మొక్క దుంపలను కలిపి నూరి చేసిన పలుచని రొట్టెలవి.

పొంగిన రొట్టెకు స్పష్టమైన పాత సాక్ష్యం ప్రాచీన ఈజిప్టులో దొరుకుతుంది. అక్కడ రొట్టె, బీరు ఒకే వాకిట్లో తయారయ్యేవి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో మెకెట్రె అనే అధికారి సమాధి నుంచి తెచ్చిన చెక్క బొమ్మల కొలువు ఒకటి ఉంది. క్రీ.పూ. 1980 ప్రాంతానికి చెందిన ఆ కొలువులో పిండి విసిరేవాళ్లు, ముద్ద పిసికేవాళ్లు, బీరు కాచేవాళ్లు ఒకే కప్పు కింద కనిపిస్తారు. పనివాళ్లకు కూలి కూడా రొట్టె, బీరు రూపంలోనే ముట్టేది. సమాధుల్లో ఎండి మిగిలిన రొట్టెలను మైక్రోస్కోపు కింద పరిశీలించినప్పుడు ఈస్ట్ కణాలు కనిపించాయి.

ఆ ప్రాంతపు ఇళ్లలో పులిసిన పిండి ఎంత మామూలు వస్తువో యూదుల ఆచారం చెబుతుంది. పస్కా పండుగ రోజుల్లో వాళ్లు ఇంట్లో పులిసిన పిండి ఆనవాలు లేకుండా తీసేస్తారు. తెలుగు క్రైస్తవులు బైబిల్లో పులియని రొట్టెల పండుగగా చదివేది దీని గురించే. ఏడాది పొడుగునా ఇంట్లో తోడుపిండి నిలవ ఉండే సమాజంలోనే దాన్ని తీసేయడం ఒక వ్రతమవుతుంది.

రోమ్: ఇంటి పని వృత్తిగా మారడం

రోమన్ రచయిత పెద్ద ప్లినీ తన ప్రకృతి చరిత్ర గ్రంథం 18వ భాగంలో రొట్టె గురించి వివరంగా రాశాడు. మాసిడోనియా రాజు పెర్సియస్‌తో యుద్ధం జరిగే దాకా, అంటే సుమారు క్రీ.పూ. 171 వరకు, రోమ్ నగరంలో రొట్టెలు చేసి అమ్మేవాళ్లే లేరనీ, అది ఇంటి ఆడవాళ్ల పని అనీ ఆయన చెప్పాడు. తన కాలంలో మామూలు పద్ధతి ముందు రోజు పిండిలో కొంత దాచి మర్నాటికి తోడుగా వాడడమేనని రాశాడు. గాల్, స్పెయిన్ దేశాల వాళ్లు ధాన్యంతో చేసే పానీయం మీద తేలే నురగను పిండిలో కలుపుతారనీ, అందుకే వాళ్ల రొట్టె తేలిగ్గా ఉంటుందనీ గమనించాడు. బీరు నురగలోని ఈస్ట్‌తో రొట్టె పొంగించడం గురించిన తొలి వర్ణనల్లో అదొకటి.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు ప్లినీ చనిపోయాడు. అదే బూడిద పాంపే నగరాన్ని కప్పేసింది. అక్కడి తవ్వకాల్లో 30కి పైగా బేకరీలు బయటపడ్డాయి. రాతి తిరగళ్లు, గుమ్మటం ఆకారపు పొయ్యిలు ఉన్నవి ఉన్నట్టే నిలిచాయి. ఒక పొయ్యిలో 80కి పైగా రొట్టెలు మాడి బొగ్గయి అలాగే దొరికాయి. గుండ్రని రొట్టె మీద తుంచుకోవడానికి వీలుగా గీసిన గాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. రోమ్‌లో యూరిసాసెస్ అనే రొట్టెల వ్యాపారి సమాధి మీద ఆ వృత్తి మొత్తం శిల్పంగా ఉంది. పిండి జల్లించడం, పశువుతో తిప్పించే తొట్టిలో ముద్ద కలపడం, ఉండలు చేయడం, పొయ్యిలో పెట్టడం, తూకం వేయడం ఒకదాని పక్కన ఒకటి చెక్కారు. ఇంట్లో మొదలైన పని రెండు శతాబ్దాల్లోపే నగరంలో పెద్ద వ్యాపారమైందనడానికి ఆ సమాధి సాక్ష్యం.

ఊరి పొయ్యి, నగర చట్టం

మధ్యయుగపు యూరప్ పల్లెల్లో ముద్ద ఇంట్లో తయారయ్యేది, పొయ్యి మాత్రం ఊరిది. ఫ్రాన్స్‌లో చాలాచోట్ల ఆ పొయ్యి భూస్వామి సొత్తు. రైతులు అక్కడే రొట్టె కాల్చుకుని రుసుము కట్టాల్సి వచ్చేది. కట్టెల ఖర్చు, అగ్ని ప్రమాదాల భయం ఉమ్మడి పొయ్యి పెట్టుకోవడానికి కారణాలు. దక్షిణ ఇటలీలోని మటేరా పట్టణంలో ఒక్కో కుటుంబం తమ రొట్టె గుర్తుపట్టేందుకు చెక్కతో చెక్కిన ముద్రను పచ్చి ముద్ద మీద వేసేది. పొయ్యి అందరిదైనా, తోడుపిండీ గడువూ ఇంటి ఆడవాళ్ల చేతిలోనే ఉన్నాయన్నమాట.

నగరాల్లో రొట్టె చేసేవాళ్ల మీద ప్రభుత్వపు కన్ను ఉండేది. ఇంగ్లండ్‌లో 1266 ప్రాంతంలో వచ్చిన రొట్టె, బీరు చట్టం రొట్టె ధరను స్థిరంగా ఉంచి, గోధుమ ధరను బట్టి రొట్టె బరువు మార్చాలని నిర్ణయించింది. తక్కువ తూచినవాణ్ని నలుగురిలో శిక్షించేవారు. కొన్ని మార్పులతో ఈ విధానం 19వ శతాబ్దం దాకా నడిచింది.

పారిస్‌లో గొడవ తూకంతో ఆగలేదు, పిండిని దేనితో పొంగించాలన్న దాని మీదా నడిచింది. 17వ శతాబ్దంలో సంపన్నులు మెత్తని తెల్ల రొట్టె కోరుకోవడంతో బేకర్లు తోడుపిండికి బీరు ఈస్ట్ జోడించడం మొదలుపెట్టారు. అది ఆరోగ్యానికి హానికరమని పారిస్ వైద్య పీఠం 1668లో అభిప్రాయపడింది. చివరకు 1670లో న్యాయస్థానం తాజా ఈస్ట్ వాడకాన్ని అనుమతించింది. అయినా మామూలు జనం తినే రొట్టె తోడుపిండిదే. దానికి వేళ తప్పకుండా కొత్త పిండి, నీళ్లు కలుపుతూ బలం పెంచాలి. ఆ వేళలు రాత్రంతా వచ్చేవి. బేకరీ పనివాళ్లు నేలమాళిగల్లో రాత్రులు మేలుకుని చేతులతో బరువైన ముద్దలు పిసికేవారు. నగరానికి తెల్లవారేసరికి అందే రొట్టె వెనక ఆ నిద్రలేని శ్రమ ఉంది. బంగాళాదుంపకు ఫ్రాన్స్‌లో ఆదరణ తెచ్చిన పార్మెంటియే 1778లో రొట్టె తయారీ మీద పెద్ద గ్రంథం ప్రచురించి, 1780లో పారిస్‌లో బేకరీ పాఠశాల స్థాపనలో పాలుపంచుకున్నాడు. చేతి అలవాటుగా నడిచిన పనికి శాస్త్రం తోడయ్యే దశ అక్కడ మొదలైంది.

భారతదేశానికి పొంగిన రొట్టె సముద్రం మీద వచ్చింది. 1510లో గోవాను ఆక్రమించిన పోర్చుగీసులు తమ రొట్టెను అక్కడికి తెచ్చారు. ఈస్ట్ దొరకని చోట గోవా బేకర్లు కొబ్బరి కల్లుతో పిండి పులియబెట్టారు. పావ్‌కు పేరు ఆ పోర్చుగీసు రొట్టె నుంచే వచ్చింది.

ఈస్ట్ జీవి అని తెలిసిన కాలం

డచ్ శాస్త్రవేత్త లీవెన్‌హుక్ 1680లోనే తన సూక్ష్మదర్శిని కింద ఈస్ట్ గుళికలను చూశాడు, కానీ అవి జీవులని గుర్తించలేదు. 1837 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో కన్యార్ ద లాతూర్, జర్మనీలో ష్వాన్, క్యూట్జింగ్ ఎవరికి వారు ఈస్ట్ ప్రాణమున్నదని తేల్చారు. పేరున్న రసాయన శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. 1857 నుంచి లూయీ పాశ్చర్ చేసిన ప్రయోగాలు పులియడం సూక్ష్మజీవుల పని అని స్థిరపరిచాయి.

అప్పటికే వియన్నాలో ఆ జీవిని సరుకుగా మార్చే పని సాగుతోంది. 19వ శతాబ్దం నడుమ అక్కడి తయారీదారులు ధాన్యపు కషాయం మీద తేలిన ఈస్ట్‌ను తీసి కడిగి, నీరు పిండేసి అచ్చులుగా అమ్మారు. ఈ రంగంలో ఆడోల్ఫ్ ఇగ్నాజ్ మౌట్నర్ పేరు ముందు వినిపిస్తుంది. మధ్య యూరప్ నుంచి అమెరికా వెళ్లిన చార్లెస్ ఫ్లైష్‌మన్ 1868లో సిన్సినాటీలో అచ్చు ఈస్ట్ తయారీ మొదలుపెట్టాడు. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో వియన్నా తరహా బేకరీ నడిపి దాన్ని దేశమంతటికీ పరిచయం చేశాడు. తోడుపిండికి పూట పూటకూ చాకిరీ చేయాలి. అచ్చు ఈస్ట్ కొనుక్కుంటే చాలు. పొంగడం గంటల్లో ముగుస్తుంది, పులుపు రాదు, రోజూ ఫలితం ఒకేలా ఉంటుంది. పనివాళ్ల కోణం నుంచి చూస్తే ఇది మేలే. ఫ్రాన్స్ 1919లో బేకరీ కార్మికులకు రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 దాకా పని నిషేధించాక, రాత్రంతా కాపలా కోరే తోడుపిండిని నమ్ముకోవడం బేకర్లకు మరింత కష్టమైంది.

మర రొట్టె

19వ శతాబ్దం చివరి దశకాల్లో బుడాపెస్ట్, మినియాపొలిస్ నగరాల ఉక్కు రోలర్ మిల్లులు రాతి తిరగలిని వెనక్కి నెట్టాయి. రోలర్లు గోధుమ తవుడునూ మొలకనూ విడగొట్టి తెల్ల పిండిని చవకగా ఇచ్చాయి. నూనె ఉన్న మొలక పోవడంతో పిండి నెలల తరబడి చెడకుండా నిలిచింది, దానితో పాటు వాసనా పోషకాలూ పోయాయి. 1928లో అమెరికాలో మిసోరీ రాష్ట్రం చిలికాథీ పట్టణంలో ఓటో రోవెడర్ యంత్రంతో ముక్కలు కోసిన బ్రెడ్ తొలిసారి అమ్మకానికి వచ్చింది.

గడువు మీద అసలు దెబ్బ 1961లో పడింది. ఇంగ్లండ్‌లోని చోర్లీవుడ్‌లో బేకరీ పరిశ్రమ పరిశోధన సంస్థ ఒక కొత్త పద్ధతి రూపొందించింది. ముద్దను అతివేగంగా తిరిగే యంత్రంలో కొన్ని నిమిషాలే కలుపుతారు. కిలో ముద్దకు సుమారు 11 వాట్-అవర్ల శక్తి పట్టిస్తారు. ఎక్కువ ఈస్ట్, విటమిన్ సి, గడ్డకట్టిన కొవ్వు చేరుస్తారు. గంటల తరబడి పులిసి బలపడాల్సిన గోధుమ ప్రోటీన్ జాలం ఆ కుదుపులోనే తయారవుతుంది. పిండి సంచి విప్పిన తర్వాత సుమారు మూడున్నర గంటల్లో ముక్కలు కోసిన బ్రెడ్ ప్యాకెట్‌లో ఉంటుంది. ప్రోటీన్ తక్కువ ఉన్న బ్రిటిష్ గోధుమ కూడా దీనికి పనికొచ్చింది, ధర తగ్గింది. కొన్ని దశాబ్దాల్లో బ్రిటన్‌లో అమ్ముడయ్యే రొట్టెలో అత్యధిక భాగం ఈ పద్ధతిలోనే తయారైంది. చవక తిండి జనానికి అందడం నిజమైన లాభం. రుచి గడువులో పుడుతుంది కాబట్టి, గడువుతో పాటు అదీ పోవడం నిజమైన నష్టం.

తిరుగు ప్రయాణం: పారిస్, కాలిఫోర్నియా

ఫ్రాన్స్‌లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బేకర్లు కూడా వేగపు యంత్రాలకు మళ్లారు. అతిగా కలపడంతో ముద్దలోకి గాలి చేరి, పిండిలోని సహజమైన లేత పసుపు రంగూ రుచీ పోతున్నాయని బేకరీ అధ్యాపకుడు రేమొఁ కాల్వెల్ హెచ్చరించాడు. పిండి, నీళ్లు మాత్రమే కలిపి 20 నుంచి 30 నిమిషాలు వదిలేస్తే ప్రోటీన్ జాలం దానంతటదే అల్లుకుంటుందనీ, అప్పుడు కలపడం తగ్గించవచ్చనీ ఆయన 1970లలో చూపించాడు. ఈ ఆటోలీజ్ పద్ధతి తర్వాత ఇంటి బేకర్లకు పెద్ద వరమైంది.

పారిస్ షెర్ష్ మిదీ వీధిలో పియేర్ పొలాన్ 1932లో తెరిచిన బేకరీ మర రొట్టె వైపు చూడనే లేదు. ఆయన కొడుకు లియొనెల్ 1970లో పగ్గాలు తీసుకుని రాతి తిరగలి పిండి, సముద్రపు ఉప్పు, తోడుపిండి, కట్టెల పొయ్యితో చేసే దాదాపు 2 కిలోల గుండ్రని రొట్టెకు ప్రపంచమంతా పేరు తెచ్చాడు. తర్వాత నగరం బయట బియెవ్ర్‌లో 24 కట్టెల పొయ్యిలతో తయారీశాల కట్టాడు. ఒక్కో పొయ్యి దగ్గర ముద్ద నుంచి కాల్పు దాకా ఒక్క మనిషిదే బాధ్యత. 1993 సెప్టెంబర్ 13న ఫ్రెంచి ప్రభుత్వం ఒక ఆదేశం ఇచ్చింది. సంప్రదాయ ఫ్రెంచి రొట్టె అని పేరు పెట్టాలంటే సంకలిత రసాయనాలు ఉండకూడదు, ముద్దను ఘనీభవింపజేయకూడదు. తోడుపిండి అంటే ఏమిటో కూడా ఆమ్లతతో సహా చట్టం నిర్వచించింది. 2022లో బాగెట్ తయారీ నైపుణ్యం యునెస్కో జాబితాలో చేరింది.

కాలిఫోర్నియా కథ వేరు. 1849 బంగారు వేట రోజుల నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో పుల్లని రొట్టె సంప్రదాయం తెగకుండా నిలిచింది. ఆ ఏడాదే మొదలైన బుడాన్ బేకరీ ఇప్పటికీ ఉంది. ఆ పులుపు రహస్యాన్ని 1970ల ఆరంభంలో సుగిహారా, క్లైన్ అనే శాస్త్రవేత్తలు, వారి సహచరులు ఛేదించారు. తోడుపిండిలో ఒక ఈస్ట్, ఒక లాక్టిక్ బ్యాక్టీరియా కలిసి బతుకుతున్నాయి. బ్యాక్టీరియాకు పిండిలోని మాల్టోస్ చక్కెర కావాలి, ఆ ఈస్ట్ దాన్ని ముట్టదు. తిండి కోసం పోటీ లేదు. బ్యాక్టీరియా వదిలే ఆమ్లం ఇతర సూక్ష్మజీవులను దూరం పెడుతుంది, ఈ ఈస్ట్ దాన్ని తట్టుకుంటుంది. తోడుపిండి ఏళ్ల తరబడి చెడకుండా నిలవడానికి కారణం ఈ సహజీవనమే. బ్యాక్టీరియాకు ఆ నగరం పేరే పెట్టినా, తర్వాత యూరప్ తోడుపిండుల్లోనూ అది కనిపించింది.

ఇంటి ఓవెన్‌లోకి

బేకరీలు మారినంత తేలిగ్గా ఇల్లు మారలేదు. అసలు అడ్డంకి ఆవిరి. కాల్పు మొదటి నిమిషాల్లో రొట్టె పై పొర తడిగా ఉంటేనే అది సాగి రొట్టె పూర్తిగా పొంగుతుంది, తర్వాత పెళుసుగా మెరుస్తుంది. బేకరీ పొయ్యిలో ఆవిరి నిలుస్తుంది, ఇంటి ఓవెన్‌లో బయటికి పోతుంది. 1970లో వంటల రచయిత్రులు జూలియా చైల్డ్, సిమోన్ బెక్ ఫ్రెంచి వంట మీద తమ గ్రంథం రెండో సంపుటిలో, కాల్వెల్ దగ్గర నేర్చుకున్న రొట్టెను ఇంటి ఓవెన్‌కు మలిచి పేజీల కొద్దీ వివరించారు. 1977లో వంటల రచయిత్రి ఎలిజబెత్ డేవిడ్ ఇంగ్లండ్ రొట్టె చరిత్రనూ తయారీనీ కలిపి రాసిన పెద్ద పుస్తకం అక్కడి పాఠకుల్లో కదలిక తెచ్చింది.

ఆవిరి చిక్కు సులభంగా విడిపోయింది 2006లో. న్యూయార్క్ బేకర్ జిమ్ లేహీ పద్ధతిని మార్క్ బిట్‌మన్ ఆ ఏడాది నవంబర్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. చెంచాలో పావు వంతు ఈస్ట్, నీళ్లు ఎక్కువున్న ముద్ద, 12 నుంచి 18 గంటల విరామం, పిసకడం లేదు. ముద్దను బాగా కాలిన బరువైన ఇనుప పాత్రలో వేసి మూత పెడతారు. ముద్దలోంచి లేచిన ఆవిరి మూత కిందే నిలుస్తుంది. బేకరీ పొయ్యి చేసే పనిని ఆ గిన్నె చేసింది. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో టార్టీన్ బేకరీకి చెందిన చాడ్ రాబర్ట్‌సన్ తన పుస్తకంలో అదే గిన్నెను తోడుపిండి రొట్టెకు వాడి చూపించాడు. 2020లో కరోనా లాక్‌డౌన్‌లలో జనం ఇళ్లలో ఉండిపోయి, దుకాణాల్లో ఈస్ట్ కరవైనప్పుడు, ఈస్ట్ అక్కర్లేని తోడుపిండి అనేక దేశాల్లో వంటగదుల్లోకి చేరింది.

నేటి ఇంటి పద్ధతి

ఈ చరిత్రంతా కలిసి ఇవాళ్టి ఇంటి పద్ధతికి రూపమిచ్చింది. సమాన బరువున్న పిండి, నీళ్లు సీసాలో కలిపి, రోజూ కొంత తీసేసి కొత్త పిండి, నీళ్లు చేరుస్తారు. రెండో మూడో రోజు కనిపించే బుడగలు తొలి బ్యాక్టీరియావి, తర్వాత కాస్త నెమ్మదిస్తుంది. ఆమ్లం పెరిగాక ఈస్ట్ పుంజుకుని, వారం పది రోజుల్లో పిండి వేసిన కొన్ని గంటలకే రెట్టింపయ్యే తోడుపిండి సిద్ధమవుతుంది. కొలతలన్నీ పిండి బరువును 100గా లెక్కేసి చెబుతారు: 100 పాళ్ల పిండికి 65 నుంచి 75 పాళ్ల నీళ్లు, 20 పాళ్ల తోడుపిండి, 2 పాళ్ల ఉప్పు. ముద్దను అరగంటకోసారి సాగదీసి మడిచి, 25 డిగ్రీల వేడిలో 4 నుంచి 6 గంటలు పొంగనిచ్చి, గుండ్రంగా చుట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచుతారు. మర్నాడు 240 డిగ్రీల దగ్గర, కాలిన గిన్నెలో మూతతో 20 నిమిషాలు, మూత తీసి మరో 20 నిమిషాలు కాలుస్తారు. కోసే ముందు గంటైనా చల్లారనివ్వాలి, లేకపోతే లోపల జిగటగా ఉంటుంది.

తెలుగు నేల మీద ఈ లెక్కలు కొంత మారతాయి. వేసవిలో గది వేడి 35 డిగ్రీలు దాటితే పొంగు సగం గడువులోనే ముగిసి పులుపు మించిపోతుంది. చల్లటి నీళ్లు వాడడం, తోడు తగ్గించడం, త్వరగా ఫ్రిజ్‌లో పెట్టడం దానికి మార్గాలు. మన మైదాలో ప్రోటీన్ పాశ్చాత్య దేశాల బ్రెడ్ పిండి కంటే సాధారణంగా తక్కువ కాబట్టి నీళ్లు కాస్త తగ్గించాలి. మర పట్టించిన గోధుమపిండి మాత్రం ఎక్కువ నీళ్లు పీల్చుకుంటుంది, రొట్టె బరువుగా వచ్చినా రుచి చిక్కగా ఉంటుంది. ఇడ్లీ పిండిని పులియబెట్టేదీ ప్రధానంగా లాక్టిక్ బ్యాక్టీరియానే కాబట్టి, కాలాన్ని బట్టి పులుపును అంచనా వేసే నేర్పు ఇక్కడి ఇళ్లలో ముందే ఉంది.

తోడుపిండి రొట్టె ఇంటికి తిరిగి వచ్చింది కానీ పాత కాలం తిరిగి రాలేదు. పారిస్ పనివాళ్లు రాత్రులు మేలుకుని కాసిన గడువును ఇప్పుడు ఫ్రిజ్ కాస్తోంది, ఊరి పొయ్యి పనిని విద్యుత్ ఓవెన్, మూత గిన్నె చేస్తున్నాయి, తోడుపిండి ఎందుకు నిలుస్తుందో ప్రయోగశాల చెప్పింది. రొట్టెను ఇంటి నుంచి తీసుకుపోయిన యంత్ర యుగమే, ఒకరి నిద్రను బలి పెట్టకుండా దాన్ని ఇంట్లో చేసుకునే వీలూ ఇచ్చింది. పిండికి ఎంత గడువివ్వాలో నిర్ణయించే హక్కు రెండు వేల ఏళ్ల కిందట రోమ్ ఇళ్లు వదిలి బజారుకు పోయింది. ఇప్పుడు అది మళ్లీ రొట్టె చేసుకునేవాళ్ల చేతిలో ఉంది.